ఎందుకు కాబట్టి

బస్సు దిగుతూనే వదిన అతని నెత్తి వంక చూసింది.

"ఏమయ్యా మరిదీ, ముందువైపు చేను కాస్త బీడు పడినట్టుందే. లెక్కలు ఎక్కువయ్యాయా, నూనె తక్కువయిందా?"

"రెండూ వదినా" అంటూ చిన్నోడు ఆమె సంచీ అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"నా బరువు నేను మోసుకుంటాలే. నువ్వు దారి చూపించు, చాలు."

మామూలు మాటే. అయినా కాలి బొటనవేలికి రాయి తగిలినట్టు తగిలింది అతనికి.

ముప్పై దాటినా ఇంట్లో అతను ఇంకా చిన్నోడే. ల్యాబులో మాత్రం లెక్కలాయన. అక్కడ మిగిలినవాళ్లు గాజు సీసాల్లో మందులూ లోహాలూ కలిపి మరిగిస్తారు. అతనొక్కడే కంప్యూటరు ముందు కూర్చుని ఆ సీసాల లోపల, కంటికి ఆనని చోట, ఏ అణువు దేన్ని ఎలా పట్టుకుంటోందో లెక్క కడతాడు. పీహెచ్‌డీ అయిపోవచ్చింది. మందుల కంపెనీలో ఉద్యోగం కూడా ఖాయమైంది. అతను కూర్చున్న కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టడానికి ల్యాబుకి డబ్బు వచ్చింది. పూర్తి ఫెలోషిప్పుతో ఒకే ఒక్క సీటు. ఇనుముతో జరిగే ఉత్ప్రేరక చర్యలను కంప్యూటరు మీద అధ్యయనం చేయడం పని.

ఆ ప్రకటన వదినకు పంపింది చిన్నోడే. దరఖాస్తు పెట్టమని వెంటపడిందీ అతనే. గైడు మేడమ్ వదినను ఫోనులో చాలాసేపు గుచ్చి గుచ్చి అడిగింది. ఎవరి సిఫారసూ లేకుండా వదిన నెగ్గింది. ఇక మిగిలింది ఒక్కటే, స్కూల్లో ఆమె చేస్తున్న కెమిస్ట్రీ టీచరు ఉద్యోగానికి రాజీనామా. పర్మనెంటు ఉద్యోగం అది. వదిలితే ఈ వయసులో మళ్లీ దొరికేది కాదు.

"సంతకం పెట్టి మీ అన్న చేతిలో పెట్టి వచ్చాను" అంది వదిన నడుస్తూ. "నా కళ్లతో చూసి ఫోను చేస్తా, అప్పుడు తీసుకెళ్లి హెడ్మాస్టరుకి ఇవ్వండి అన్నాను. సాయంత్రం బడి వదిలేలోగా ఇస్తే ఈ నెలతో సరి. మీ అన్న ఆ కాగితాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరుగుతున్నాడు. మడత పడుతుందని జేబులో కూడా పెట్టట్లేదు."

ఆమె నవ్వింది. చిన్నోడు నవ్వబోయాడు గానీ పెదవులు మాట వినలేదు. ఆమె వచ్చి కూర్చోబోయే కుర్చీ కింద నేల లేదని అతనికి తెలుసు. తెలిసే రమ్మన్నాడు.

*

వదిన ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి చిన్నోడు పదో తరగతి. ఆమెకు అప్పటికే ఎమ్మెస్సీ పట్టా చేతిలో ఉంది. మరుసటేడు ఆమెకు పరిశోధన సీటు వచ్చింది. అదే నెలలో అతని తల్లికి ఒక చెయ్యీ కాలూ పడిపోయాయి. వెళ్లొద్దని వదినతో ఎవరూ అనలేదు. వెళ్లమనీ ఎవరూ అనలేదు. ఆ ఏడాది చిన్నోడు కాలేజీలో చేరాడు. అతనూ అనలేదు.

అతనికి లెక్కలు నేర్పింది వంటింటి గడప. లోపల వదిన కూరగాయలు తరుగుతూ ఉండేది, ఇవతల అతను గడప మీద పుస్తకం పెట్టుకుని కెమిస్ట్రీ లెక్కలు చేస్తూ ఉండేవాడు. పుస్తకం చివరి పేజీల్లో జవాబులుండేవి. పైనుంచి కొంతదూరం చేసుకుంటూ వచ్చేవాడు. దారి తెలియకపోతే చివరి పేజీ తిప్పి, జవాబు కింద రాసుకుని, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పైకి కట్టుకుంటూ పోయేవాడు. రెండూ మధ్యలో ఎక్కడో ఎదురుపడేవి. అక్కడ "కాబట్టి" అని ఒక మాట వేసి కలిపేసేవాడు. జవాబు కరెక్టే కదా, ఎవరు చూస్తారు?

వదిన మొదటిసారి చూసి ఊరుకుంది. రెండోసారీ ఊరుకుంది. మూడోసారి తడి చేతి గోటిని సరిగ్గా మధ్య లైను మీద పెట్టింది.

"ఇక్కడ అతుకు వేశావు."

ఎలా తెలిసిందని అడిగితే చెప్పింది. "పై సగం తడుముకుంటూ నడిచింది. కింది సగం నడుం నిటారుగా పెట్టుకుని నడిచింది. ఒకే మనిషి నడకలో ఇంత తేడా ఉండదు. మధ్యలో కాబట్టి అన్నావు. ఎందుకు కాబట్టి?"

అతను పెన్సిలు కొరుకుతూ పుస్తకం వంక చూశాడు.

"తెలియకపోతే ఆగిపో. ఆగిన చోటు దాకా చేసినదానికి మార్కులుంటాయి. కింది నుంచి కట్టినదానికి ఏమీ ఉండదు."

*

ల్యాబు వరండాలో గోడ నిండా పోస్టరు అంటించి ఉంది. మధ్యలో కొండల బొమ్మలా ఒక గీత పైకి లేచి కిందికి దిగుతుంది. ఆ గీత కొన మీద ఎర్రటి అంకె, పంతొమ్మిది. కింద చిన్నోడి పేరు, గైడు పేరు, ఇంకో పేరు. పక్కనే సీటు ప్రకటన. దాని మూలలకు వేసిన టేపు ఒక పక్క ఊడి, ఎవరు నడిచినా కాగితం కదులుతోంది.

వదిన కళ్లజోడు పెట్టుకుని పోస్టరు దగ్గరికి వెళ్లింది.

"చదువుకోని దానికి చెబుతున్నట్టు చెప్పు" అంది.

"నీకు చెప్పాలా వదినా?"

"చెప్పు. నా బడి పిల్లలకు రేపు నేను చెప్పాలిగా."

అతను చెప్పాడు. రెండు అణువుల్ని ఒకటిగా అతికించాలంటే మధ్యలో ఒక లోహం పెత్తనం చెయ్యాలి. మందుల తయారీలో ఆ పెత్తనం పల్లేడియానిది. అది బంగారంలాంటి సరుకు, ముట్టుకుంటే ఖరీదు. అదే పని మామూలు ఇనుముతో జరిగిందని ఈ ల్యాబులో చూశారు. జరిగింది సరే, ఎలా జరిగింది? అది చెప్పడం లెక్కలవాళ్ల వంతు. కొండకు ఇవతల మంద ఉంది, అవతల పచ్చిక ఉంది. మంద శిఖరం ఎక్కనక్కర్లేదు. రెండు గుట్టల మధ్య పల్లంగా ఉన్న కనుమ దాటితే చాలు. ఆ కనుమ ఎత్తెంతో కొలవాలి. తక్కువైతే చర్య సాగుతుంది. ఎక్కువైతే మంద ఇవతలే నిలబడిపోతుంది.

"పంతొమ్మిది అంటే?"

"సుఖంగా దాటొచ్చు. సీసాలో జరిగే వేగానికి సరిగ్గా సరిపోతుంది."

"సరిగ్గానా?"

"ఆ. సరిగ్గా."

వదిన కిందికి వంగింది. పోస్టరు కింది భాగంలో సన్నటి అక్షరాల్లో ఉన్న పేరా దగ్గర ఆగింది. ఆమె వేలు కాగితానికి తగలకుండా గాలిలోనే లైను వెంట నడుస్తోంది. ఒకచోట ఆగింది. చిన్నోడికి ఆ చోటు తెలుసు. చూడకుండా తెలుసు.

"కొలిచే పద్ధతులు చాలా ఉంటాయా?" అంది.

"ఉంటాయి. దర్జీ టేపుల్లాంటివి. కొన్ని కొంచెం సాగి ఉంటాయి, కొన్ని ముడుచుకుని ఉంటాయి. మిగతా లోహాల దగ్గర అన్నీ దగ్గర దగ్గరగానే చెబుతాయి. ఇనుము దగ్గరే తంటా. దాని ఎలక్ట్రాన్లు జతలు కట్టి కూర్చుంటాయో విడివిడిగా కూర్చుంటాయో ఒక టేపు చెప్పినట్టు ఇంకోటి చెప్పదు."

"మరి నువ్వు ఏ టేపు పట్టుకున్నావు?"

"దీనికి పనికొచ్చేది."

"ఊఁ" అంది వదిన. కళ్లజోడు తీసి, తుడిచి, సంచీలో పెట్టుకుంది. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు.

*

వరండా చివరి గది సీసాలాయనది. ఆ పోస్టరు మీది మూడో పేరు అతనిదే. లెక్కలాయనకూ అతనికీ ఎప్పుడూ సరసమే. వదినను చూడగానే స్టూలు తుడిచి వేశాడు.

"కూర్చోండక్కా. మీ మరిది మమ్మల్ని కూలివాళ్లలా చూస్తాడు. తను కొలిచేవాడు, మేం మోసేవాళ్లం. మీరొచ్చాక అయినా మాకు కాస్త మర్యాద దొరుకుతుందేమో చూడాలి."

"కొలిచేవాడికి తూకం రావాలి కదా తమ్ముడూ ముందు" అంది వదిన.

"అలా అడగండి" అని సీసాలాయన చిన్నోడి భుజం మీద చరిచాడు.

చిన్న సీసాలో పసుపు రంగు ద్రావణం పోశాడు. అడుగున ఒక గింజ వేశాడు. గింజ అంటే వేలి కణుపంత అయస్కాంతపు ముక్క, పైన తెల్లటి పూత. సీసాని వేడి పళ్లెం మీద పెడితే లోపల గింజ గిరగిరా తిరుగుతూ ద్రావణాన్ని కలుపుతుంది. చర్య జరిగితే పసుపు రంగు ముదురు గోధుమకి తిరుగుతుంది. వాళ్లు మాట్లాడుకుంటూ ఉండగానే తిరిగింది.

"భలే" అంది వదిన. నిజంగానే ఆమె కళ్లు మెరిశాయి. చిన్నోడు ఆ మెరుపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"గింజ మాత్రం అంత తెల్లగా లేదే?"

"పాతదక్కా. నాకు ముందు ఈ బల్ల మీద పల్లేడియం వాళ్లు పనిచేసేవాళ్లు. వాళ్లు వదిలేసి పోయిన గింజలివి. ఆ నల్ల మచ్చలు యాసిడ్లో ఉడకబెట్టినా పోవు. చూడ్డానికి బాగోదు గానీ హస్తవాసి మంచిది. కొత్త గింజ వేస్తే పని జరగదు, ఇది వేస్తే జరిగి తీరుతుంది. అందుకే ఎవరికీ ఇవ్వను."

"కొత్త గింజ వేస్తే జరగదా?"

"వేశాను పోయిన వానాకాలంలో. పసుపు పసుపుగానే ఉండిపోయింది. తేమ ఎక్కువ కదా అప్పుడు. మీ మరిదికి చెప్పాను కూడా. ఏమన్నావు లెక్కలాయనా? తేమే అన్నావు కదూ?"

"అవును" అన్నాడు చిన్నోడు.

వదిన మచ్చల గింజ వైపు చూసింది. తర్వాత చిన్నోడి వైపు చూసింది. చూపు ఎక్కువసేపు నిలపలేదు.

*

క్యాంటీనులో మధ్యాహ్నం రద్దీ తగ్గింది. ఒకాయన బల్లల మీద నీళ్లు చల్లుతూ తుడుస్తున్నాడు. వదిన పళ్లెంలో అన్నం సగం అలాగే ఉంది. ఆమె ఫోను మోగింది. అన్న గొంతు ఎప్పుడూ పెద్దదే, బల్లకు అవతల ఉన్నా వినపడుతుంది. పొద్దున్నుంచీ తన బ్యాటరీల షాపు కూడా తెరవలేదట.

"చూశావా? ఇవ్వనా? హెడ్మాస్టరు ఇవాళ తొందరగా పోతాడట. నేను గేటు దగ్గరే ఉన్నా."

వదిన ఫోను చెవి దగ్గరే ఉంచుకుని చిన్నోడి వంక చూసింది. ఆ చూపులో ప్రశ్న తప్ప ఇంకేం లేదు.

"ఇవ్వమననా?"

ఇవ్వమను అంటే చాలు. చిన్నోడు ఎన్నిసార్లు ఈ మాటను మనసులో అనుకుని చూసుకున్నాడో. ఇవ్వమను వదినా, నేనున్నాను కదా. అంత తేలికైన మాట. నోరు తెరిచాడు.

"ఆగమను" అన్నాడు.

"కాసేపాగి చేస్తానండీ" అని వదిన ఫోను బల్ల మీద బోర్లించింది. పళ్లెం పక్కకు జరిపింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చిన్నోడు బల్ల మీది నీటి చుక్కను వేలితో గీతలా లాగాడు. ఆ గీత వంక చూస్తూనే అన్నాడు.

"అతుకు వేశాను వదినా."

"మధ్య లైనులోనా?"

"మధ్య లైనులోనే. కాబట్టి దగ్గర."

"చూశాను. నువ్వే చెబుతావేమోనని చూస్తున్నా."

అప్పుడు అతను చెప్పాడు, తల ఎత్తకుండా, ఒక్కటీ దాచకుండా. చేతికి దొరికిన టేపులన్నిటితోనూ ఆ కనుమను కొలిచాడు. ఒకటి తప్ప అన్నీ ముప్పై పైనే చెప్పాయి. ముప్పై అంటే మంద దాటలేదు. సీసాలో మాత్రం దాటుతోంది. ఆ ఒక్క టేపు పంతొమ్మిది అంది. ఆ టేపును ఇనుముకి నమ్మకూడదని అతనికి తెలుసు. కానీ జవాబు ముందే కనిపిస్తోంది కదా, పుస్తకం చివరి పేజీలో ఉన్నట్టు. అందుకని ఆ టేపును పట్టుకుని, "ఈ పద్ధతి ఇచ్చిన విలువ ప్రయోగంతో సరిపోతోంది, కాబట్టి ఈ లోహానికి ఇదే తగిన పద్ధతి" అని రాశాడు. మిగతా టేపుల మాట ఎక్కడా రాయలేదు. పేపరు అచ్చయింది, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత వానాకాలంలో సీసాలాయన వచ్చి కొత్త గింజతో పని జరగట్లేదని నవ్వుతూ చెప్పినప్పుడు విషయం అర్థమైంది. ఆ నల్ల మచ్చలు పల్లేడియం. పని చేస్తోంది ఆ మచ్చలే అయ్యుండాలి. ఇనుము ఊరికే పక్కన నిలబడి ఉంది. ముప్పై అన్న టేపులే నిజం చెప్పాయి.

"అప్పుడు తేమ అన్నావు."

"అన్నాను."

"ఈ సీటు డబ్బు ఎప్పుడొచ్చింది?"

"ఆ తర్వాతే."

"నాకు ప్రకటన పంపింది?"

క్యాంటీను ఆయన వాళ్ల బల్ల దాకా వచ్చి, ముఖాలు చూసి, పక్క బల్లకు వెళ్లిపోయాడు.

"తెలిసి ఎందుకు పిలిచావురా?" అంది వదిన. రా అని పిలవడం చాలా ఏళ్ల తర్వాత.

"నువ్వు పోగొట్టుకున్న సీటు నీకు మళ్లీ రావాలనుకున్నా. ఇది పోతే ఇంకోటి రాదు. వచ్చాక నువ్వే తప్పు కనిపెడతావనుకున్నా. నువ్వు కనిపెడితే అది నీ పేరు మీదే ఉంటుంది, మంచిదే కదా అనుకున్నా."

"అంటే నువ్వు ఎంగిలి చేసిన గిన్నెలు నాకు తోమడానికి వేశావు."

ఆమె గొంతు పెంచలేదు. వంటింట్లో ఆమె అంట్లు తోముతుంటే తను పక్కన కూర్చుని చదువుకున్న సాయంత్రాలన్నీ అతని మీద ఒక్కసారిగా కూర్చున్నాయి.

"ఆ డబ్బు ఇనుము పేరు మీదే వచ్చింది వదినా. ఇప్పుడు నేను నోరు విప్పితే సీటే పోతుందేమో. విప్పకపోతే నువ్వు ఉద్యోగం వదులుకుని వచ్చి ఈ బురదలో దిగుతావు. ఏం చేసినా నీకే. రోజూ అదే ఆలోచన. అందుకే చెప్పలేక…"

"నా నష్టం సంగతి నేను చూసుకుంటా. దాన్ని అడ్డం పెట్టుకుని నువ్వు దాక్కోకు" అంది వదిన. లేచి పళ్లెం తీసుకుంది. "కొత్త సీసా, కొత్త గింజ ఉంటాయా ఆ తమ్ముడి దగ్గర?"

*

సీసాలాయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సరసం మానేశాడు. డబ్బా సీలు విప్పి కొత్త గింజ తీశాడు. ఎప్పుడూ వాడని సీసా తీసుకున్నాడు. చేతి తొడుగులు మార్చుకున్నాడు. అదే పసుపు ద్రావణం, అదే ఇనుము, అదే వేడి. గింజ తిరగడం మొదలుపెట్టింది, తెల్లగా, పాలపన్నులా.

ముగ్గురూ సీసా చుట్టూ నిలబడ్డారు. కిటికీ బయట ఎవరో నిచ్చెన ఈడ్చుకెళుతున్న చప్పుడు వచ్చింది, పోయింది.

చిన్నోడు సీసాని చూడలేదు. వదినను చూశాడు. ఆమె మెడ ముందుకు సాగి ఉంది. వేళ్లు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి. ఒకసారి వెలుతురు మారి పసుపు కాస్త ముదురుగా అనిపించినప్పుడు ఆమె పెదవులు విచ్చుకున్నాయి. మబ్బు తొలగగానే మళ్లీ మూసుకున్నాయి. ఆ రంగు తిరగాలని, తన మరిది అబద్ధం ఎలాగో ఒకలా నిజమైపోవాలని ఆమె ఎంత కోరుకుంటోందో అతనికి తెలిసింది. ఆమె అన్నదానికంటే, తిట్టబోయే దానికంటే, అది ఎక్కువ బాధించింది.

పొద్దున ఈపాటికి రంగు తిరిగి మాటలు కూడా అయిపోయాయి. ఇప్పుడు పసుపు పసుపుగానే ఉంది.

గైడు మేడమ్ రోజూ మధ్యాహ్నం గదులన్నీ ఒకసారి చుట్టి వస్తుంది. గుమ్మంలో నిలబడి వదినను చూసి నవ్వింది.

"వచ్చారా? చూపించాడా అన్నీ?"

"చూపించాడండీ" అంది వదిన. "అన్నీ."

చిన్నోడు ముందుకు వచ్చాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దొరికిన చోట మొదలుపెట్టాడు.

"మేడమ్, పోస్టరు మీదున్నది వచ్చిన అంకె కాదు. ఎంచుకున్న అంకె."

మేడమ్ నవ్వు కొంచెంసేపు అలాగే ఉండిపోయింది, దాన్ని తీయడం మర్చిపోయినట్టు. అతను మిగతాదంతా చెప్పాడు. ఆమె సీసా వంక, దాని పక్కనే పళ్లెంలో ఉన్న మచ్చల గింజ వంక చూసింది.

"మిగతా పద్ధతులు ఎంత ఇచ్చాయి?"

"ముప్పై పైనే మేడమ్, అన్నీ."

"నాకు చూపించలేదు."

"చూపించలేదు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. అంత నెమ్మదిగా ఆమె కూర్చోవడం చిన్నోడు ఎప్పుడూ చూడలేదు.

"నాకూ ఒకసారి అనుమానం వచ్చింది" అంది. "ఇనుము ఇంత సులువుగా చేయదే అని. కానీ లెక్క కూడా ఇనుమే అంటోంది కాబట్టి వదిలేశాను."

"నేను… సీసాలో ఇనుమే అని మీరన్నారు కాబట్టి ఆ పద్ధతి పట్టుకున్నాను మేడమ్."

సీసాలాయన నోరు ఊరుకోలేదు. "ఇద్దరు తాగినవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, నువ్వు నిలబడ్డావు కాబట్టి నేను నిలబడ్డాను అనుకున్నట్టుంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత అతనే, "గింజ నాది. నేను మూడోవాణ్ణి" అన్నాడు తల వంచుకుని.

మేడమ్ మచ్చల గింజ ఉన్న పళ్లెం దగ్గరికి లాక్కుంది. ఒక్క సీసాతో తేలదు, గింజలన్నీ పరీక్షకు పంపాలి, మళ్లీ మళ్లీ చేసి చూడాలి అంది. డబ్బు ఇచ్చినవాళ్లకు మాత్రం రేపే రాయాలి అంది. అచ్చయిన పేపరు సంగతీ చూడాలి. చిన్నోడితో, "నీ కంపెనీవాళ్లకు నువ్వే చెప్పు, నా నోట వినకముందు" అంది. అతను తలూపాడు. ఆ ఉద్యోగం పోవచ్చునని తెలుసు. అది పోవడం చిన్న విషయంగా కనిపించడం అతనికే ఆశ్చర్యం.

"మీకేం చెప్పాలో నాకు తెలియట్లేదు" అంది మేడమ్ వదినతో. "వాళ్లు ఉంచుకోమంటే సీటు మీదే. ఈ తప్పును పైనుంచి విప్పి చూసే మనిషి నాకు కావాలి కూడా. కానీ వద్దంటే నా చేతిలో ఏమీ లేదు. ఇవాళ మాత్రం రాజీనామా ఇవ్వకండి. ఇవ్వమని నేను చెప్పలేను."

"అర్థమైందండీ" అంది వదిన.

వరండాలోకి వచ్చి ఫోను చేసింది. అన్న ఒక్క మోతకే ఎత్తాడు.

"ఆ కాగితం ఇవ్వకండి" అంది. "ఆఁ, వద్దు. చించొద్దు కూడా. బీరువాలో పెట్టండి."

"అదేంటి? చిన్నోడేమన్నాడు?"

చిన్నోడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని భుజం వెనక ప్రకటన కాగితం మూల కదులుతోంది.

"చిన్నోడే ఇవ్వొద్దన్నాడు. ఇంకా కొన్ని తేలాలట. చిన్నోడు చెబితే సరిపోదా ఏంటి, వాడు మన మంచికే కదా చెబుతాడు. ఇంటికొచ్చి చెబుతా."

అతను కళ్లు మూసుకున్నాడు. ఆ మాట ఆమె ఎగతాళికి అనలేదు. అన్న దగ్గర తన పరువు కాపాడటానికి అంది. ఎగతాళి అయినా బాగుండేది.

*

బస్టాండుకి నడుస్తూ ఆమె ఒక్క సరసం ఆడలేదు. దారిలో నెత్తి మీద ఎండ తగ్గినా అతని చొక్కా వీపుకి అంటుకునే ఉంది. బస్సు వచ్చి ఆగి ఉంది. డ్రైవరు కింద నిలబడి టీ తాగుతున్నాడు.

"వదినా, తిట్టు."

"తిడితే నీకు తేలికవుతుంది. నేనెందుకు తిట్టాలి?"

చెప్పుతో నేల మీద మట్టిని అటూ ఇటూ తోశాడు. చిన్నప్పుడు కూడా అంతే. గోరు మధ్య లైను మీద పడ్డాక ఇక మాట్లాడేవాడు కాదు.

"ఈసారి పైనుంచి కట్టు" అంది వదిన. "అన్ని టేపులూ పక్కపక్కన పెట్టి, ఏది ఎంతంటే అంత రాయి. ఎక్కడ ఆగిపోతే అక్కడ వదిలెయ్. కింద ఖాళీ ఉంచు. సిగ్గుపడకు ఆ ఖాళీ చూసి."

"నువ్వు చూస్తావా?"

"సీటు ఉంటే నా పని అదే. లేకపోతే స్కూలు వదిలాక చూస్తా."

డ్రైవరు గ్లాసు ఇచ్చేసి ఎక్కాడు. ఇంజను వణికింది. మెట్లు ఎత్తుగా ఉన్నాయి. వదిన ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది, రెండో చేతిలో సంచీ ఉంది. చిన్నోడు చెయ్యి చాపలేదు. పొద్దున చాపిన చెయ్యే అది, ఇప్పుడు చాపడానికి ముఖం చెల్లలేదు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండానే సంచీ అతనికి అందించింది. అందుకున్నాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. లోపల పుస్తకాలు, చేరడానికి సిద్ధపడి తెచ్చుకున్నవి.

ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి బయటికి చాపింది. అతను సంచీని రెండు చేతులతో పైకెత్తి ఇచ్చాడు.

"జాగ్రత్త వదినా."

ఆమె సంచీని ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలింది. మరిదీ అని పిలవలేదు.